పాలు పడ్డాయా?

మా అమ్మ పేరు బురుల్.
అత్-బాషీ దాటాక, గొర్రెలు తప్ప ఎవరూ దారి అడగని లోయ మాది.
చిన్నప్పుడు నా కోటు కుడిజేబులో
ఎప్పుడూ నాలుగు చక్కెర ముక్కలుండేవి.
నేను తినడానికి కాదు.

తెల్లవారుజామున, పిడక ఇంకా రాజుకోకముందే
అమ్మ నన్ను వేరే పేరుతో పిలిచేది,
చనిపోయిన తన చెల్లెలి పేరు.
బయట మైనస్ ముప్పై. అమ్మ మెడ మీద చెమట.
చెంప లోపలికి ఒక ముక్క తోసి
లెక్కపెట్టేదాన్ని.
వంద. నూటయాభై.
ఒక్కోసారి నాలుగొందల దగ్గర
అమ్మ తిరిగొచ్చేది.
"ఊల్కాన్, అలా గుడ్లప్పగించి చూస్తావేం? టీ పెట్టలేదూ?"
అంకెలు నేను బళ్ళో నేర్చుకోలేదు.

జిన్ను పట్టిందంది పెద్దమ్మ.
మొల్దో వచ్చి ఏదో చదివి, ఊది, మాంసం తిని వెళ్ళాడు.
బద్ధకం పట్టిందన్నాడు బాబాయి, దానికి మందు లేదన్నాడు.
నాన్న ఏమీ అనలేదు.
పట్నం వెళ్ళినప్పుడల్లా ఒక చక్కెర డబ్బా తెచ్చి
నా తల దగ్గర పెట్టేవాడు.

అమ్మ కనుబొమల చివర్లు రాలిపోయాయి.
వేసవి మేతల్లో కూడా మూడు శాలువాలు.
నెలసరి గుడ్డలు మా దండెం మీద ఎన్నడూ ఆరలేదు.
నాకొచ్చేదాకా
అలాంటివి ఉంటాయనే నాకు తెలీదు.

నారిన్ ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించి
"తిండి సరిగా తినదు" అని రాసి పంపడం, మూడుసార్లు.
నాలుగోసారి డ్యూటీలో నురిపా అనే కొత్త డాక్టరు.
ఆమె కళ్ళజోడు ఒక పక్క దారంతో కట్టి ఉంది.
చక్కెర చూసింది: రెండు పాయింటు ఒకటి.
సీసా వేలాడదీసింది.
వెళ్ళిపోలేదు. కుర్చీ లాక్కుంది.

"ఎంతమంది పిల్లలు?"
"ఇదొక్కతే."
"కాన్పులో రక్తం బాగా పోయిందా?"
అమ్మ నావైపు చూసింది, దీని ముందు చెప్పొచ్చా అన్నట్టు.
"పరుపు పారేశారు. కింద కంబళీ పారేశారు.
దాని కింది మట్టి కూడా తవ్వి పోశారట."
"పాలు పడ్డాయా?"

సీసాలో చుక్కలు పడుతున్నాయి.
అమ్మ వాటినే చూస్తోంది.
"ఒక్క చుక్క పడలేదు.
పక్క గుడారంలో సైనాప్ ఇచ్చింది. తర్వాత మేక."
పదిహేడేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు,
నాతో సహా.

చీటీ వెనక నురిపా ఒక తల గీసింది,
తల అడుగున చిన్న గూడు,
గూట్లో శనగగింజ.
"కడుపుతో ఉన్నప్పుడు ఇది ఉబ్బుతుంది, ఎక్కువ రక్తం అడుగుతుంది.
ఆ రాత్రి రక్తమంతా నేలపాలైంది.
గింజ ఎండిపోయింది.
పాలకు కబురు పంపాల్సింది ఇదే. నెలసరికీ ఇదే.
మెడలోని గ్రంథికీ, కిడ్నీల మీది గ్రంథులకీ ఇదే.
అవేం చెడిపోలేదు.
చెప్పేవాళ్ళు లేక కూర్చున్నాయి.
రాత్రి కడుపు ఖాళీ అయ్యాక
దాచిన చక్కెర తియ్యమని కాలేయాన్ని తట్టే చెయ్యి
మీ అమ్మకు లేదు. అందుకే తెల్లవారుజామున."

ఆ రాత్రి అంటే నేను పుట్టిన రాత్రి.
నా చెయ్యి జేబులోకి పోయింది.
ముక్కల అంచులు అరిగి గుండ్రంగా ఉన్నాయి.

ముందు హైడ్రోకార్టిసోన్, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర,
ఆ వరస తప్పకూడదంది.
జ్వరమొస్తే మొదటిది రెట్టింపు.
నేను గోడ మీద బొగ్గుతో రాశాను.

మూడోవారం అమ్మ ఒక్కతే
బాబాయి ఇంటికి నడిచివెళ్ళి
తొమ్మిదేళ్ళ కింద తీసుకున్న గొర్రె
ఎప్పుడిస్తావని అడిగింది.
అరుపులు వాగు ఇవతలికి వినపడ్డాయి.
నాన్న గుర్రానికి జీను తీస్తూ ఆగిపోయి, విన్నాడు,
మళ్ళీ తీశాడు.

నాకింకా నాలుగింటికే మెలకువ.
చీకట్లో లెక్క మొదలుపెడతాను.
నలభై దాటకముందే
పిడకలు ఎవరు తడిపారని
అవతలి నుంచి తిట్లు,
నా పేరుతో.